ముందస్తు మామయ్య ఓడ ప్రయాణం

మా మామయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడికైనా ముందుగా చేరిపోతాడు. పది నిమిషాల ముందు చేరేవాళ్ళను బుద్ధిమంతులంటారు. ఈయన చేరే వేళకు అక్కడ ఊడ్చేవాళ్ళు కూడా వచ్చి ఉండరు. అందుకే ఇంట్లో అందరం ఆయన్ని ముందస్తు మామయ్య అంటాం. ముఖం మీదే అంటాం. ఆయన దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

సినిమాకు తీసుకెళితే ముందు ఆట ఇంకా నడుస్తూ ఉండేది. హంతకుడెవరో తలుపు బయటే వినేసి, తర్వాత లోపల రెండున్నర గంటలు ఏమీ తెలియనట్టు కూర్చునేవాళ్ళం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే షట్టరు ఎత్తడానికి కాంపౌండరుకు తనే ఓ చెయ్యి వేసేవాడు. ఒక పెళ్ళికి ఎంత ముందుగా వెళ్ళాడంటే, వంటవాళ్ళు ఆయన్ని తమ మనిషే అనుకుని ఉల్లిపాయల బస్తా ముందు కూర్చోబెట్టారు. అతిథులు వచ్చేసరికి సగం బస్తా తరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు. "పిల్ల తరఫు దగ్గర బంధువు కాబోలు, పాపం" అనుకున్నారట అందరూ.

ఈ పిచ్చిని ముప్పై ఏళ్ళుగా తిడుతూ వస్తున్నది మా అత్తయ్య. ఆవిడ దర్జీ. మిషను ముందు కూర్చుంటే ఒక్క కుట్టు పక్కకు పోదు. లేచిందంటే మాత్రం నుదుటి మీద ఉన్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంది. అదీ కళ్ళజోళ్ళ దుకాణం నడిపిన మనిషి భార్య!

ఇరవై ఏళ్ళపాటు ఆవిడ ఓడల సిబ్బందికి తెల్ల చొక్కాలు కుట్టింది. తను మాత్రం ఒక్కసారీ ఓడ ఎక్కలేదు. అరవయ్యో ఏట, "నా చొక్కాలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఒక్కసారి చూడాలండీ" అంది. మామయ్య మారు మాట్లాడకుండా ఐదు రోజుల ఓడ ప్రయాణానికి టికెట్లు తీశాడు.

ఓడ బయల్దేరేది సాయంత్రం నాలుగింటికి. కాగితాలు చూసి లోపలికి పంపే కౌంటరు రెండింటికల్లా మూసేస్తారు. రేవు మా ఊరికి రెండు గంటల దూరం. కారు నాది, నడపడం కూడా నా వంతే.

"ఏడింటికల్లా బయల్దేరాలి" అన్నాడు మామయ్య.

"తొమ్మిదింటికి చేరి ఏం చేస్తాం మామయ్యా? ఓడ కూడా వచ్చి ఉండదు!"

"వస్తుంటే చూద్దాం."

"నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు."

"ఆ పెద్దాయన ఎప్పుడూ ఓడెక్కి ఉండడు. ఏడింటికి."

తొమ్మిదింటికి రేవు హాల్లో మేం ముగ్గురం, నేల తుడిచే ఆవిడ, వాచ్‌మన్. అంతే. తుడిచే ఆవిడ మా చేత మూడుసార్లు కాళ్ళు ఎత్తించింది.

"ఏ ఓడకండీ?" అంటూ వచ్చాడు వాచ్‌మన్.

"నాలుగింటి ఓడకు."

"ఇవాళ్టి నాలుగింటికేనా?" అన్నాడతను, అనుమానంగా.

అత్తయ్య నవ్వలేక చచ్చింది. మామయ్య కాళ్ళు చాపుకుని, "ఎలాగూ ఊరికే కూర్చున్నాం. కాగితాలు ఒకసారి చూసుకుందామా?" అన్నాడు.

"అవి ఎక్కడికీ పోవు" అంది అత్తయ్య గర్వంగా. "పాస్‌పోర్టుల కోసం ఈ కోటు లోపల దొంగజేబు కుట్టాను. దొంగలు కాదు గదా, వాళ్ళ తాతలొచ్చినా కనిపెట్టలేరు."

చెయ్యి లోపలికి పోనిచ్చింది. అటు తడిమింది, ఇటు తడిమింది. కుట్లు లెక్కపెడుతున్నట్టు అస్తరంతా వేళ్ళతో వెతికింది. ఆ దొంగజేబు దొంగలకే కాదు, అత్తయ్యకూ దొరకలేదు.

"ఏమండీ..." అంది సన్నగా. "ఒకే తానులోంచి రెండు కోట్లు కుట్టాను కదా. ఒకటి ప్రయాణానికి, ఒకటి మామూలుకి. ఇది మామూలుదండీ."

ఆవిడ ఇరవై ఏళ్ళ కోరిక రెండు గంటల దూరంలో కుట్టుగది కొక్కేనికి వేలాడుతోంది. అత్తయ్య ఆ కోటునే మళ్ళీ తడిమింది. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. మామయ్య నా చెయ్యి నొక్కాడు.

"తప్పు నాదే" అన్నాడు. "పొద్దున్నే గొంతు మీద కూర్చుని తరిమితే ఎవరికి మాత్రం మతి ఉంటుంది?"

"అదే నేను మొత్తుకునేది!" అని లేచింది అత్తయ్య. "మనిషిని ఊపిరి పీల్చుకోనిస్తేగా!" తిట్టడం మొదలుపెట్టగానే ఆవిడ ముఖానికి రంగు తిరిగొచ్చింది.

మామయ్య నన్ను కారు దాకా సాగనంపాడు. "మెల్లగా వెళ్ళు. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు. వెతకడానికి ఒక గంట పెట్టాను. పనిలో పనిగా పెరటి కుళాయి కూడా ఓసారి చూడు."

"పెట్టావా? ఎప్పుడు పెట్టావు?"

ఆయన వంగి కారు అద్దం తుడిచాడు.

దారి పొడుగునా నేను పాత లెక్కలే తిరగేశాను. సినిమా హాలు పావుగంట దూరమైతే ముప్పావుగంట ముందు చేరేవాళ్ళం. దూరం పెరిగితే ఆ ముందూ పెరిగేది. ఎప్పుడూ అది ఇంటికి పోయి, వెతికి, తిరిగి రావడానికి సరిపోయేది. పోయి రావలసి కూడా వచ్చేది! సినిమా రోజున టికెట్లు, పెళ్ళినాడు కానుక, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున ఏకంగా అత్తయ్య కట్టుడు పళ్ళే ఇంట్లో ఉండిపోయాయి. ఎవరో పరుగెత్తి తెచ్చేవారు, పని జరిగిపోయేది, మాకు గుర్తుండేది మామయ్య పిచ్చి ఒక్కటే. అత్తయ్య మతిమరుపుకు ఎవరూ పేరు పెట్టకుండా, ఆ పేరేదో తనే పెట్టించుకున్నాడు ఈ మహానుభావుడు. ముప్పై ఏళ్ళు నవ్విన నాకు సిగ్గేసింది.

కోటు కొక్కేనికే ఉంది. పెరటి కుళాయి ధారగా పారుతోంది, నీళ్ళు గడప దాకా వచ్చేశాయి. కట్టేసి, తుడిచి, వెనక్కి బయల్దేరాను.

ఒకటిన్నరకు హాల్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య నా చేతిలోంచి కోటు లాక్కుని గుండెకు హత్తుకుంది. కౌంటరు అమ్మాయి పాస్‌పోర్టుల మీద ముద్రలు వేసేదాకా ముగ్గురం ఆ అమ్మాయి చేతి వైపే చూస్తూ నిలబడ్డాం. ముద్ర పడగానే మామయ్య కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. ఆయనకూ భయం వేసిందని అప్పుడే తెలిసింది.

సాగనంపేవాళ్ళు ఆగే కమ్మీ దగ్గర నేను ఆగిపోయాను. అవతల తెల్ల చొక్కా వేసుకున్న ఓడ ఉద్యోగి ఒకడు నమస్కారం పెట్టాడు. అత్తయ్య అతని చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర మడత తిప్పి చూసింది.

"నా కుట్టే!" అని అరిచింది. ఉద్యోగి బెదిరిపోయాడు. మామయ్య ముఖం చాటంత అయింది.

రెండడుగులు వేసి ఆవిడ ఠక్కున ఆగింది. "ఏమండీ, పెరటి కుళాయి కట్టానంటారా?"

మామయ్య వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"భేషుగ్గా కట్టావు" అన్నాడు. "పద పద, ఆలస్యమైపోతోంది."

ఓడ బయల్దేరడానికి ఇంకా రెండు గంటలుంది.