మొలకల వరస

వేసవి సెలవుల్లో ఎక్కడికీ కదలకూడదనుకున్నాను. రాజంపేటలో మా బడి మూసిన వారానికి వెంకటేశు దగ్గర నుంచి కబురు వచ్చింది. అతను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు కర్నూలు జిల్లాలో, చాగలమర్రి దాటాక రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న పల్లెలో బడిపంతులు. ఏరువాకకు ముందు తమ ఊళ్లో మొలకల వరస పెడతారనీ, నాలుగు రోజులు ఉండేటట్టు వచ్చి చూడమనీ ఆ కబురు. కరువులో ఊరి ఎద్దులు చాలా భాగం పోయినాయి. మిగిలిన కొద్ది కాడ్లతోనే అందరి చేలూ విత్తుకోవడానికి వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారని విని ఉన్నాను. అటువంటిది చూసి నలుగురికీ చెప్పడం మంచిదనిపించి బయలుదేరాను.

తెల్లవారుజామున పాసింజరు ఎక్కితే కడప చేరేసరికి ఎండ పైకి వచ్చింది. స్టేషను బయట ఎర్రకారం పూసిన దోసెలు తిని కర్నూలు బస్సు దగ్గరకు పోయాను. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఈ బస్సుల్లో చోటు దొరకడం కష్టంగా ఉంది. సగం మంది చంకల్లో అర్జీల కట్టలు. నాకు మోకాలి నొప్పి. కొంచెం ఎక్కువ ఇచ్చి డ్రైవరు వెనక బెంచీలో చివరి చోటు సంపాదించాను. పక్కనున్న యువకుడు నంద్యాలలో రైలెక్కి బేతంచెర్ల రాతి గనులకు పోతున్నాడు. "చేన్లో రాళ్లేరి ఏరి విసుగొచ్చె సామీ, ఆడ రాళ్లెత్తితే కూలన్నా ఇస్తారంట" అన్నాడు.

మధ్యాహ్నానికి మైదుకూరు వచ్చింది. అక్కడ నలభై ఏళ్ల లోపు ఆడమనిషి ఒకామె ఎక్కి, ఆ యువకుడు జరిగి ఇచ్చిన చోటులో, నా పక్కన కూర్చుంది. చేతిలో ఎండిన పెద్ద సొరకాయ బుర్ర, దాని మూతికి పేడ మెత్తి ఉంది. దాన్ని మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టుకుంది. ఆ రోజే ఇస్త్రీ విప్పిన పంచె నాది. పేడ అంటుతుందేమోనని ఒక భయం, కాలు చాచుకోవాలని ఒక ఆశ. కండక్టరును పిలిచి అది తీసి ఎక్కడైనా పెట్టమన్నాను. అతను దాన్ని ఎత్తి డ్రైవరు పక్కన ఇంజను మీది రేకు మూత పైన పెట్టాడు.

"ఆడ వద్దన్నా, కాలతాది. ఇత్తనాలుండాయి" అంది ఆమె.

"ఇత్తనాలే గదమ్మా, కోడిగుడ్లు కాదు గదా పొదిగేకి!" అన్నాడు కండక్టరు. బస్సులో నవ్వారు. నేనూ నవ్వాను. రైతులు విత్తనాలను ఎండలో ఆరబెట్టేవాళ్లే, వేడి ఏం చేస్తుందిలే అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఆమెతోనే అన్నాను.

ఆ పూట ఇంజను రెండుసార్లు ఉడికిపోయింది. దారి పక్క బావి నుంచి నీళ్లు తెచ్చి పోస్తే ఆవిరి బుసకొట్టింది. రెండోసారి బండి నిలిచినప్పుడు ఆమె బుర్రను ముట్టుకొని చెయ్యి వెనక్కు తీసుకుంది. అప్పుడు లేచి దాన్ని నేనే దింపి ఇచ్చాను. ఒడిలో పెట్టుకొని కొంగుతో విసురుతూ కూర్చుంది. మాటల్లో తెలిసింది, ఆమె పేరు ఓబులమ్మ, మొగుడు పోయినాడు, ఇద్దరు పిల్లలు, నేను పోయే పల్లే ఆమెదీను. బుర్రలోవి కొర్రలు.

"మైదుకూరుకు ఎందుకు తెచ్చినావు మరి?" అని అడిగాను.

"తేల్యా సామీ, తీసకపోతాండా. పంట రాంగానే మా అన్న కాడ పెట్టిపోతి. ఇంట్లో ఉంటే నిలుస్తాయా!"

రోడ్డు మీద దిగాక ఆమె నాకోసం ఆగలేదు. వేగంగా ముందు నడిచిపోయింది. నేను కుంటుకుంటూ పొద్దు వాలాక ఊరు చేరాను. వెంకటేశు ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర, మజ్జిగ. బస బడి వసారాలోనే. మంచం, కుండలో నీళ్లు ఉన్నాయి. పోదలచినవాళ్లకు ఇంతకంటే ఏర్పాటు అవసరం ఉండదు.

మరునాడు పొద్దున పని మొదలయింది. ఇంటికొకరు పగిలిన కుండ అడుగు ఒకటి తెచ్చారు. అందులో తమ చేని మట్టే నింపి, తమ ఇంటి విత్తనం పిడికెడు చల్లి, బడి గోడ నీడన వరుసగా పెట్టారు. నీళ్లు మాత్రం ఒకే చేత్తో పడాలి. దానికి గంగమ్మ అనే ముసలామెను పెట్టారు. నాలుగో నాడు ఎవరి పెంకులో మొలక ముందుగా, దట్టంగా కనిపిస్తే వాళ్ల చేను ముందు. తొలి వాన పడగానే ఊరి కాడ్లన్నీ ఒక్కటై, విత్తే గొర్రు ఆ వరసలోనే చేను చేనుకూ పోతుంది. నేలలో పదును ఆరేలోగా ఎంతవరకు పోతే అంతవరకు.

"మంచి విత్తనానికి మంచి పదును పడాలని" అని వెంకటేశు వివరించాడు. "చివరి వాళ్లకు రెండో వాన పడితేనే పంట. లేకపోతే ఆ యేడు బీడే."

ఓబులమ్మ పెంకు గోడకు మధ్యలో ఉంది. ఆ పూట నుంచి నా చూపు అక్కడే తిరిగింది.

మధ్య రోజుల్లో ఊరంతా కుంట కట్టకు మట్టి పోసింది. ఇంటికొక మనిషి రావాలి, రాకపోతే గొర్రు ఆ ఇంటి చేన్లోకి పోదు. నేనూ తట్ట ఎత్తాను. నాలుగు తట్టలకే మోకాలు మొరాయించింది. ఒకాయన తట్ట అందుకుంటూ "పెద్దయివారూ, మీరు చెట్టు కింద కూచోని మాకు ఎక్కాలు చెప్పండి" అన్నాడు. కూర్చున్నాను. సాయంత్రం గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చి సీమ ఎరువుల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. శ్రద్ధగానే విన్నారు. చివర గంగమ్మ లేచి, "ఎరువు సంచుల్లో వస్తాదంటివి. బాగుండాది నాయనా. వాన గూడా సంచుల్లో వస్తాదేమో సర్కారునడిగి చెప్పు" అంది. ఆయన కూడా నవ్వి సైకిలెక్కాడు.

నాలుగో నాడు పొద్దున అందరూ బడి ముందు చేరారు. వరస చెప్పేది తిమ్మప్ప అనే పెద్దకాపు. ఆయన వంగి ఒక్కొక్క పెంకూ చూస్తూ పోయాడు. కొన్ని పెంకుల్లో మట్టి కనిపించకుండా పచ్చగా లేచింది. గంగమ్మది అన్నిటికన్నా దట్టం. ఓబులమ్మ పెంకులో మొలకలు అక్కడొకటి ఇక్కడొకటి. మిగతా గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"పలచగ ఉండాదే ఓబులమ్మా. వెనక్కి పెడతాండా" అన్నాడు తిమ్మప్ప.

"పెట్టు చిన్నాయనా" అంది. నావైపు చూడనుకూడా లేదు.

అక్కడితో ఊరుకొని ఉంటే సరిపోయేది. నేను లేచాను. ఆమె విత్తనంలో దోషం లేదనీ, బస్సులో నా సుఖం కోసం బుర్రను ఇంజను మీద పెట్టించాననీ, తప్పు నాదేననీ, ఆమెను వెనక్కి పెట్టడం న్యాయం కాదనీ చెప్పాను. చెబుతున్నంతసేపూ గుండె తేలికవుతూ వచ్చింది. ఆ సంగతి దాచుకోను.

తిమ్మప్ప నడుము నిలబెట్టాడు. "బస్సులోనా? బస్సెక్కేకి యాడికి పోయినాయి ఈ ఇత్తనాలు?"

ఓబులమ్మ తల వంచుకుంది. నాకు తెలియని కట్టుబాటు ఒకటి ఉందని అప్పుడు అర్థమయింది. వెనక నుంచి ఎర్ర తలగుడ్డ కట్టిన ఒకాయన అందుకున్నాడు. "ఊరు దాటిన ఇత్తనం వరసలో నిలబడదు. పోయినేడు మా బామ్మర్ది నంద్యాల నుంచి కొనకొస్తే తోసేస్తిరి. ఆయప్పకొక కట్టు, ఈయమ్మకొక కట్టా?"

వెంకటేశు నా చెవిలో చెప్పాడు. దుడ్లున్నవాళ్లు అంగట్లో మేలు విత్తనం కొని ముందు వరస పట్టుకోకుండా పెట్టిన నియమమట. వెనక్కి పెడితే రెండో వాన మీద ఆశ అయినా ఉంటుంది. వరసలో నుంచి తీసేస్తే గొర్రు ఆమె చేనికి రానే రాదు.

"తీసేయాల్సిందేనా?" అని తిమ్మప్ప చుట్టూ చూశాడు.

పలికింది ఓబులమ్మే. "ఇవి అంగట్లో కొన్నెవా చిన్నాయనా? నా చేన్లో పండినెవే. ఇంట్లో పెట్టింటే ఉగాదికి ముందే ఉడకేసిందును. పిల్లోళ్లు ఆకలని ఏడుస్తాంటే కుండలో కొర్రలు పెట్టుకోని కాపలా కాసే తల్లి యాడన్నా ఉండాదా? అందుకే మాయన్న కాడ దాస్తి. ఆయప్పా ముట్టల్యా. మీ ఇండ్లల్ల ఇత్తనాలు తినని కొంప ఏదో చెప్పండి. చెప్తే నా పెంకు నేనే ఎత్తకపోతా."

గంగమ్మ చెంబు కింద పెట్టి, "నేను తింటి" అంది. "మాఘంలోనే తింటి. ఈ పెంకులో మొలిచినెవి నా కోడలు పుట్టింటి నుంచి మూటగట్టుకోనొచ్చినెవి."

"ఓసి ముసల్దానా! నీది మొదటి వరస గదా!" అన్నాడు ఎర్ర తలగుడ్డ ఆయన.

"అవును. అయితే ఏం? నా కోడలు మంచిది."

ఎవరు ముందు నవ్వారో తెలియదు, అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఇంకో ఇద్దరు తమ విత్తనం కూడా బంధువుల ఇంట్లో ఉండి వచ్చిందని బయటపెట్టారు. తిమ్మప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరకు, కొన్న విత్తనానికే ఆ కట్టు అనీ, కడుపుకు భయపడి దాచిన దానికి కాదనీ అన్నాడు. "అయినా పలచనిది పలచనే. ఓబులమ్మ చివర."

గంగమ్మ తన మొదటి వరస ఇస్తుందేమోనని నేను అటు చూశాను. ఆమె కనిపెట్టి, "నాకేసి చూస్తావేం సామీ, నా వరస నాదే" అంది. పలచగా మొలిచినవాళ్లకు ఇంటికొక దోసెడు మంచి విత్తనం పెట్టడం అక్కడి ఆచారం. ఓబులమ్మ కొంగు నిండింది. విత్తనం దొరికింది, వంతు మాత్రం చివరిది. నేను చేయగల సాయం ఏదైనా ఉందా అని తిమ్మప్పను అడిగాను. "మీరు ముట్టుకున్నెది చాలు పెద్దయివారూ" అన్నాడు. కోపంగా అనలేదు.

మరునాడు పొద్దున్నే బయలుదేరాను. కుంట దాటుతుంటే ఓబులమ్మ కట్ట మీద నుంచి తట్ట దింపి వచ్చింది.

"మైదుకూరులో బస్సు నిలుస్తాది గదా సామీ. పసుపు మండీలో సుబ్బన్న అని అడుగు, మూటలు మోస్తాడు, మాయన్న. ఇత్తనాలు బాగ మొలిచినాయని చెప్పు."

"బాగా మొలవలేదు కదమ్మా" అన్నాను.

"నిన్న నిజం చెప్పింటివి గదా? ఈపొద్దు ఇది చెప్పు. పాడయినాయంటే వచ్చేడు ఇంట్లో పెట్టుకోడు. మా వదిన పెట్టనీదు." సమాధానానికి ఆగకుండా తట్ట దగ్గరకు పోయింది.

మైదుకూరులో బస్సు పావుగంట నిలుస్తుందన్నారు. మండీ ఎదురుగానే. పసుపు దుమ్ములో కనుబొమలు కూడా పచ్చబడిన మనిషి మూట దించి వచ్చాడు. చెల్లెలు పంపిందని చెప్పగానే, "మొలిచినాయా?" అన్నాడు.

"మొలిచినాయి."

"దట్టంగానా?"

"దట్టంగానే."

"వరసలో ఎన్నోది?"

ఈ ప్రశ్నకు ఓబులమ్మ నాకు జవాబు చెప్పి పంపలేదు. "ముందరనే" అన్నాను.

సుబ్బన్న వెనక్కి తిరిగి, "ఇన్యావా ఈరన్నా? మా చెల్లెలు ముందర వరస! మా ఆడది రోజూ పోరు పెట్టె, సగం వండుదామని. నేను బుర్రను అటక మీద పెట్టి నిచ్చెన దాస్తి!" అని కేక వేశాడు. తరువాత బలవంతాన నన్ను కొట్టుకు తీసుకుపోయి టీ ఇప్పించాడు. వచ్చే యేడు రెండు బుర్రలు పెట్టుకుంటానని చెల్లెలికి చెప్పమన్నాడు. బస్సు హారను కొట్టేదాకా నా చెయ్యి వదలలేదు.

కడపలో సాయంత్రం రైలు దొరికింది. బండిలో జనం తక్కువ. కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తూ వచ్చాను. పల్లెలో అందరి ముందూ నేను చెప్పిన నిజం నా బరువు దించుకోవడానికి చెప్పినది. ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడలేదు. ఆమె తన నోటి మాటతో దాన్ని తానే దించుకుంది. నాకు వచ్చిన పని ఒక్క అబద్ధం చేరవేయడం. అదీ అడగని మాట ఒకటి కలిపి చేరవేశాను.

ఇది రాసే నాటికి అటువైపు తొలి వాన పడిందని తెలిసింది. గొర్రు ఆమె చేనిదాకా వచ్చిందో, పదును ఆలోగా ఆరిందో కబురు రాలేదు. మొలకల వరస చూడదగినది. వచ్చే వేసవిలో ఆ దారిన పోవాలనుకునేవారికి బస్సులూ బసా పైన రాశాను. ఊరి పేరు రాయలేదు, మనుషుల పేర్లు మార్చాను. మైదుకూరులో బస్సు నిలిచినప్పుడు మండీ వైపు నుంచి ఒక హమాలీ వచ్చి, చాగలమర్రి పల్లెల్లో కొర్రలు ఎట్లా మొలిచాయని మిమ్మల్ని అడగవచ్చు. బాగా మొలిచాయని చెప్పండి.