ఒక్క రింగుకే ఎత్తే చిప్పు

కొత్త సామాన్ల గొప్పలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న తాండూరులో ఫోన్ కొందామని పోతే షాపాయన ఊపిరి తీసుకోకుండా ఇరవై సుగుణాలు చెప్పాడు. నేను మధ్యలోనే ఆపి, "ఎవరన్న ఫోన్ చేస్తే మోగుతదా? గది చెప్పు ముందుగాల" అన్నాను. నన్నొక తిక్కమనిషిని చూసినట్టు చూశాడు. చూడనీ. ఇరవై ఏళ్ళ కిందట నేనూ అలాంటి చిట్టానే నోరు తెరుచుకుని విన్నాను.

అది వికారాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపు. డిగ్రీ అయిపోయి, ఏ పనీ లేక, ప్రపంచంలో నాకు తెలియనిది లేదనుకుంటున్న రోజులు. షాపు యజమాని ఒక ఆకుపచ్చ బోర్డు తీసి, దాని మీద గోరంత నల్లటి ముక్కను చూపించాడు.

"సౌండ్ కార్డు వేరే, మోడెం వేరే ఎందుకన్నా? రెండూ గీ ఒక్క చిప్పులనే ఉన్నయ్. పాటలు గిదే పాడుతది, ఇంటర్నెట్టు గిదే కలుపుతది, ఆఖరికి నువ్వు లేకుంటే ఫోన్ గుడ గిదే ఎత్తుతది!"

చేతిలో ఒక నున్నటి కాగితం పెట్టాడు. త్రీడీ సౌండ్ అట. ఒకేసారి అరవై నాలుగు గొంతులు అట. ఫ్యాక్స్ అట. మా ఇంటికి ఫ్యాక్స్ ఎవడు పంపుతాడని ఒక్క క్షణమన్నా ఆలోచించానా? నా మొహం! ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను.

ఆ చిప్పు బండారం నెల తిరక్కుండానే బయటపడింది. అరవై నాలుగు గొంతుల్లో ఒక్కటీ తిన్నగా పలికేది కాదు. బీరువాకు అటొకటి ఇటొకటి పెట్టిన స్పీకర్లలో త్రీడీ ఎక్కడుందో వెతికి వెతికి మెడ పట్టేసింది. ఇంటర్నెట్టు కలిపేటప్పుడు కీచుమని అరిచేది గానీ, చినుకు పడితే కలిసేది కాదు. అసలు మోసం ఇంకొకటి. అది మోడెం పని చేసేటప్పుడు స్వయంగా చేసేదేమీ లేదు. పెళ్ళికొచ్చిన చుట్టం మంచం దిగకుండా అందరికీ పనులు పురమాయించినట్టు, భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడేసేది. ఆ కాసేపు పాట మోగుతుంటే గరగరమని నత్తి కొట్టేది. ఇంత దిక్కుమాలిన దాన్ని పట్టుకుని నేను మురిసిపోయాను చూడండి, అక్కడ నన్ను చెప్పుతో కొట్టాలి.

నన్ను బాగా ఊరించింది ఫోన్ ఎత్తే సౌకర్యం. మైకు ముందు కూర్చుని, వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని, "నమస్కారం. ప్రస్తుతం మేము ఇంట్లో లేము. దయచేసి మీ సందేశం చెప్పగలరు" అని రికార్డు చేశాను. మా ఇంట్లో పుట్టి పెరిగినవాడెవడూ జన్మలో 'దయచేసి' అన్నది లేదు. ఎన్ని రింగులకు ఎత్తాలని కంప్యూటర్ అడిగితే, ఎక్కువసేపు మోగితే నామోషీ అనుకున్నానో ఏమో, ఒకటి అని కొట్టాను. పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి నేనే మా ఇంటికి ఫోన్ చేసుకుని, నా గొంతు నేనే విని ఆనందించాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో మా తాండూరు వైపు ఫోన్ ఎత్తడానికి కాదు, లెక్కపెట్టడానికి మోగేది. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే బషీరాబాద్ పోయినవాళ్ళు క్షేమంగా చేరారని. రెండు రింగులిచ్చి పెట్టేస్తే బాపు రైలు దిగి స్టేషన్‌లో ఉన్నాడని, స్కూటర్ తీసుకుని రమ్మని. అవతల ఎత్తకపోతే ఎర్రడబ్బా ఫోన్‌లో రూపాయి బిళ్ళ మిగిలేది. అందుకే బాపుకు అనుమానం వచ్చింది.

"మరి మన రెండు రింగుల ముచ్చటేందిరా?" అన్నాడు.

"గవన్నీ పాతకాలం పనులు బాపూ. ఇది ఇంట్ల ఎవ్వరు లేనప్పుడే ఎత్తుతది" అన్నాను. లేనిదీ ఉన్నదీ దానికి ఎలా తెలుస్తుందని ఆయన అడగలేదు. నాకూ తోచలేదు. కొడుకు చెప్పాడు కదా అని నమ్మాడు.

బాపు బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు. రాయిని ఎండకు ఏటవాలుగా పట్టుకుని, వెంట్రుకంత పగులుంటే చెప్పేవాడు. ఆ కంటి మీదే మా ఇల్లు నడిచేది. ఆ కుడికంటికే మోతిబిందు పొర కమ్మితే వికారాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. దుమ్ము తగలకూడదని, కొద్దిరోజులు ఎక్కడికి పోయినా బండి మీద, కంటికి కట్టు ఉంచుకునే పోవాలని డాక్టర్ గట్టిగా చెప్పాడు. వారానికి మళ్ళీ చూపించుకోవాలంటే, "నేనొక్కన్నే పోయొస్త తీయ్, నువ్వు స్టేషన్‌కు రా చాలు" అన్నాడు బాపు.

ఆ రోజు అమ్మ మోమిన్‌పేట్‌లో పెద్దమ్మ దగ్గర ఉంది. నేను ఇంట్లోనే ఉన్నాను. స్కూటర్ తుడిచి పెట్టుకుని, లోపలి గదిలో పాటలు పెద్దగా పెట్టుకుని కూర్చున్నాను. ముందురోజు బయటికి పోతూ పెట్టిన ఫోన్ ఎత్తే ప్రోగ్రాం ఆపడం మరిచిపోయాను. నాలుగు గంటలప్పుడు పాట ఒక్కసారిగా గరగరలాడి నత్తి కొట్టడం మొదలుపెట్టింది. "థూ, నీ చిప్పు పాడుగాను" అని డబ్బా మీద రెండు చరిచాను. నిమిషంలో పాట దారిలో పడింది. చరిచినందుకే బాగుపడిందనుకున్నాను.

ఐదు దాటాక తలుపు దగ్గర చప్పుడైంది. బాపు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. స్టేషన్ నుంచి మా ఇంటిదాకా దారికి రెండు వైపులా రాయి కోసే మిషన్లే, మధ్యలో లారీలు. కనుబొమ్మలు తెల్లబడ్డాయి. కంటి మీది కట్టు బూడిద రంగుకు తిరిగింది.

"ఇప్పుడే వచ్చినవా కొడుకా?" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. కానీ నోట్లోంచి "ఊఁ" అని వచ్చింది.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక కంప్యూటర్ తెర మీద చూస్తే, నాలుగు గంటలప్పటి సందేశం ఒకటి ఉంది. సౌండు తగ్గించి విన్నాను. "కొడుకా... ఇంట్ల లేవా. సరే తీయ్. ఆటోలన్ని నిండిపోయినయ్. నేను నడ్సుకుంట వస్త. నువ్వు పరేషాన్ గాకు." ఆ దొంగ చిప్పు తన బతుకులో శుభ్రంగా పనిచేసింది ఆ ఒక్కసారే. ఒక్క మాట కూడా నత్తి కొట్టలేదు. వెంటనే చెరిపేశాను.

మూడోరోజుకు కన్ను ఎర్రగా వాచి చీము పట్టింది. మళ్ళీ వికారాబాద్‌కు పరుగెత్తాం. డాక్టర్ కట్టు విప్పి చూసి మండిపడ్డాడు. "దుమ్ములో తిరగొద్దని చెప్పలేదా? బండి మీద తీసుకుపోయేవాళ్ళే లేరా మీ ఇంట్లో?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. బాపు నాకన్నా ముందే అందుకున్నాడు. "పోరన్నేమనకుండ్రి సారూ. వాడు ఇంట్ల లేకుండె. ఉంటే ఉరికొస్తుండె."

ఆ కన్ను మళ్ళీ చూడలేదు. పగుళ్ళు చూసే పని వేరే అతనికి పోయింది. బాపును గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పోయే లారీలను లెక్కపెట్టే పని. ఇప్పుడు అదీ మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంటికెవరు వచ్చినా ఒక ముచ్చట మాత్రం చెప్పకుండా పంపడు. "మావోడు మస్తు హుషారు. గా జమానలనే మిషన్‌తోని ఫోన్ ఎత్తించిండు. ఇంట్ల మనిషి లేకుంటే అచ్చం వీని గొంతుతోనే జవాబిస్తుండె" అంటాడు. వచ్చినవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను తలూపుతాను. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానని ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.