అపొస్తలులకు చింతపండు

కెజియమ్మకు లోకంలో ఇక ఒకే ఒక్క కోరిక మిగిలింది. తన చర్చిలో ఆల్టర్ గిల్డ్ సభ్యురాలు కావాలి. ఆల్టర్ గిల్డ్ అంటే బలిపీఠం మీద గుడ్డలు మార్చి, కొవ్వొత్తులు సర్ది, ద్రాక్షరసం పోసిపెట్టే ఆడవాళ్ళ జట్టు. జీతం లేదు, భత్యం లేదు. అయినా ఆ జట్టు గది తాళంచెవి కంటే అమెరికా పౌరసత్వమే సులువుగా దొరుకుతుందని ఆమె స్వయంగా తెలుసుకుంది.

గుంటూరులో మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పుట్టి, అక్కడే నర్సు చదివి, 1970ల్లో న్యూజెర్సీ వచ్చిపడింది. రిటైరయ్యేదాకా ఇక్కడి రోగులకు సూదులు గుచ్చింది. భర్త దేవసహాయం కెమికల్ ఇంజనీరు. ఆయనకు దేవుడి మీద కంటే టీవీలో గోల్ఫ్ మీద భక్తి ఎక్కువ. ఆమె ముత్తాతకు బాప్తిస్మమిచ్చింది అమెరికా నుంచి వచ్చిన లూథరన్ దొరే. ఆ లెక్కన తాముండే పార్సిప్పనీ నుంచి కొండల్లోకి డ్రైవ్ చేసుకుంటూ ఆ లూథరన్ చర్చికి మొదటిసారి వెళ్ళినప్పుడు పుట్టింటికి వెళ్తున్నట్టే అనుకుంది. పుట్టింటివాళ్ళకు ఆ సంగతి తెలియదు.

ఇనప గనుల్లో పనికొచ్చిన జర్మన్లు నూటపాతికేళ్ళ కిందట కట్టుకున్న కొయ్య చర్చి అది. బయట తెల్లరంగు, లోపల వార్నిషు, అంతటా ఎలకల వాసన. ప్రసంగం చెప్పే పుల్పిట్ మరీ ఎత్తు. పాస్టరు మెట్లెక్కేసరికి ఆయాసపడి, మొదటి రెండు వాక్యాలు పరిశుద్ధాత్మకే వదిలేసేవాడు. బాప్తిస్మపు తొట్టి మూత మీద చెక్కిన పావురం అచ్చం కోడిపెట్ట. బెంచీలు మనిషికి నిద్ర పట్టకుండా చేయించినవి. అయినా జనం నిద్రపోయేవాళ్ళు, అంత గొప్ప విశ్వాసం వాళ్ళది.

అన్నిటికీ మించిన ఆస్తి బలిపీఠం మీది రెండు దీపస్తంభాలు. బొగ్గులా నల్లగా ఉండేవి. వాటి అడుగున ఒక్కోదానికి ఆరుగురు చొప్పున యేసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు ఉన్నాయనీ, డోరతీ ముత్తాత వాటిని ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడనీ చర్చి చరిత్ర. ఎనభై దాటిన ఈ డోరతీయే గిల్డుకు పెద్ద. కెజియమ్మ అడిగినప్పుడల్లా "చాలా సంతోషం, కెజియా, చూద్దాం" అనేది. ఆ చూడడం ఇరవై ఏళ్ళు సాగింది. తన రంగు చూసే రానివ్వడం లేదని కెజియమ్మ నిశ్చయానికొచ్చింది. ఆ మాట పైకి అనలేదు గానీ, గిల్డువాళ్ళు పోసే నీళ్ళ కాఫీ తాగినప్పుడల్లా లోపల ఉడికిపోయేది.

2009లో ఈస్టర్‌కు ముందు డోరతీ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. గిల్డులో మిగిలిన ఇద్దరిలో ఒకామె ఫ్లోరిడా వెళ్ళిపోయింది, రెండో ఆమెకు చూపు ఆనదు. గత్యంతరం లేక పాస్టరు తాళంచెవి కెజియమ్మ చేతిలో పెట్టాడు. "కొవ్వొత్తులు మార్చండి చాలు. ఇంకేమీ ముట్టుకోవద్దని డోరతీ మరీ మరీ చెప్పమంది" అన్నాడు.

ముట్టుకోవద్దట! గుంటూరులో ఈస్టర్ ముందు శనివారం వచ్చిందంటే ఆడవాళ్ళంతా చర్చి ఆవరణలో చతికిలబడి, చింతపండూ ఇటుకపొడీ పెట్టి సామానంతా తళతళలాడించేవాళ్ళు. పునరుత్థాన పండగనాడు దేవుడి ముందు ఈ మసి దీపాలేమిటి? పైగా గోటితో గీరితే లోపల ఇత్తడి మెరిసింది. కెజియమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. రెండింటినీ కారు వెనకసీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి ఇంటికి తెచ్చింది.

శనివారం మధ్యాహ్నమంతా వంటింటి సింకులో తోమింది. మసి వదిలేకొద్దీ అపొస్తలులు ఒక్కొక్కరే బయటపడ్డారు. పేతురు చేతిలో పరలోకపు తాళాలు ఉండాలి. ఉన్నది బీరు మగ్గు. అంద్రెయ చేతిలోనూ మగ్గే. తోమా పీపా కింద నోరు తెరుచుకుని పడుకున్నాడు. ప్రభువు రొమ్మున ఆనుకున్నాడని అందరూ చెప్పుకునే యోహాను, ఒక లావుపాటాయన ఒళ్ళో కూర్చున్న ఆడపిల్ల. ఒంటి మీద జాకెట్టు కూడా సరిగ్గా లేదు.

"ఏమండీ! ఒక్కసారి ఇటు రండి!"

దేవసహాయం వచ్చి చూసి, కౌంటర్ పట్టుకుని పడీపడీ నవ్వాడు. "ఇవి ఏదో బీర్ హాల్లోవి! డోరతీ ముత్తాత లేపుకొచ్చుంటాడు. ఇన్నేళ్ళూ వీళ్ళ ముందా మీరంతా మోకరిస్తున్నది?"

"నవ్వకండి. రేపు డోరతీ వీల్‌చైర్‌లో వస్తోంది. నన్నింక గిల్డ్‌లో చేర్చుకున్నట్టే!"

"బూట్ పాలిష్ ఉందిగా, పూసెయ్."

"దేవుడి సామానుకి మీ బూట్ పాలిషా? చేసింది నేను, నేనే చెప్పుకుంటాను."

మర్నాడు తెల్లపట్టు చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్ళింది. దీపస్తంభాల మీద తువ్వాలు కప్పి గిల్డు గదిలో కూర్చుంది. డోరతీని కొడుకు తోసుకొచ్చి వదిలి వెళ్ళాడు. కెజియమ్మ తువ్వాలు తీసింది. కిటికీలోంచి పడ్డ ఎండలో పన్నెండుమంది తాగుబోతులూ ధగధగా మెరిశారు.

"సారీ డోరతీ, నేనే క్లీన్ చేశాను. కానీ వీళ్ళు అపొస్తలులు కాదు."

డోరతీ చాలాసేపు చూసింది. యోహాను బుగ్గను బొటనవేలితో నిమిరింది. "నన్ను గిల్డ్‌లో చేర్చుకున్న రోజు మా అమ్మ చూపించింది. ఇంత క్లీన్‌గా మళ్ళీ ఇప్పుడే చూడడం. ఆ కింది సొరుగు తియ్యి."

సొరుగులో, బలిపీఠపు గుడ్డల కింద, ఇనప పొయ్యిలకు పూసే నల్ల పాలిష్ డబ్బా ఉంది.

"గిల్డ్ అసలు పని ఇదే. మిగతాదంతా పువ్వులు పెట్టడమే" అంది డోరతీ.

"మరి నన్నెందుకు చేర్చుకోలేదు? నా కలర్ చూసా?" ఇరవై ఏళ్ళ మాట నోరు జారి వచ్చేసింది.

డోరతీ డబ్బా అందుకుని మూత తీసింది. "మొదట్లో అదీ కొంచెం ఉంది. నేనంత మంచిదాన్నేం కాదు. కానీ మొదటి ఆదివారమే నువ్వు బెంచీ తుడుచుకుని కూర్చున్నావు. ఆ వారం చర్చి వంటింట్లో మా గిన్నెలకున్న పాత మాడంతా వదలగొట్టావు. నీ చేతికిస్తే వీళ్ళ గతి ఏమవుతుందో అప్పుడే తెలిసిపోయింది."

కెజియమ్మకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వు గెలిచింది గానీ కోపం పూర్తిగా పోలేదు.

చర్చి గంట మోగేలోగా ఇద్దరూ వట్టి చేతులతోనే పాలిష్ పూశారు. యోహానుకు కెజియమ్మ దట్టంగా రెండు పూతలు పూసింది. ఆ పిల్లకు అదే జాకెట్టు. చీర కొంగు నాశనమైంది.

రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు సంస్కారం వేళ కెజియమ్మ వెళ్ళి మోకరించి చేతులు చాచింది. ఎంత కడిగినా అరచేతులు కాటుకలాగే ఉన్నాయి. పాస్టరు రొట్టెముక్క పట్టుకుని ఆగిపోయాడు. అంతలో పక్కన వీల్‌చైర్‌లోంచి ఇంకో జత నల్లచేతులు ముందుకొచ్చాయి.

"ఏమిటిది?" అన్నాడాయన గుసగుసగా.

"గిల్డ్ మీటింగ్ అయింది, పాస్టర్" అంది డోరతీ. "మెంబర్లం ఇద్దరం వచ్చాం."

మెంబర్లం! ఆనందంలో కెజియమ్మ రొట్టె నమలకుండానే మింగేసింది. ఇన్నేళ్ళకు దొరికిన పదవి, అదెలా దొరికిందో ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. ఏ మాటా కడుపులో దాచుకోలేని దేవసహాయం నోరు ఎలా మూయించాలా అని ఆలోచిస్తూ, ఆమె ద్రాక్షరసం గటగటా తాగేసింది.