రెండో థోర్‌యాంగ్

దువోత్ లామ్ కవలల తర్వాత పుట్టాడు. అలా పుట్టినవాడికి నువేర్ తెగవాళ్ళు పెట్టే పేరే అతనికీ పెట్టారు. యుద్ధంలో ఊరు వదిలి బెంటియులోని నిర్వాసితుల శిబిరానికి వచ్చినప్పుడు అతనికి ఇరవై మూడేళ్ళు. గుడారాలు లెక్కపెట్టే కూలిగా మొదలై, పనిచేస్తూనే కంప్యూటర్ నేర్చుకుని, పదేళ్ళు తిరిగేసరికి అంతర్జాతీయ శాంతిరక్షణ మిషన్‌లో మ్యాపుల నిపుణుడయ్యాడు.

అతని ఆఫీసు ఒక ఇనుప కంటైనర్. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, వరదనీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ దారిలో లారీ పోతుందో, ఏ ఊరు ఎక్కడుందో గీసివ్వడం అతని పని. హెలికాప్టర్ నడిపేవాళ్ళూ, జొన్నల మూటలు దించేవాళ్ళూ, గస్తీ సైనికులూ ఆ కాగితం పట్టుకునే బయల్దేరేవాళ్ళు. ఆ సెక్షన్‌లో అక్కడి మనిషి అతనొక్కడే. ఊళ్ళ పేర్లకు నోరు తిరగక అందరూ అతని బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. పైకి చెప్పేవాడు కాదు గానీ, అది అతనికి గర్వంగానే ఉండేది.

ఒక ఏడు మే నెలలో, వానలకు ముందు, ఊళ్ళ పట్టిక శుభ్రం చేసే పని పడింది. ఏళ్ళ తరబడి నలుగురూ నాలుగు రకాలుగా రాసిన పేర్లు రెండువేలకు పైగా పోగయ్యాయి. ఒకే ఊరు మూడుచోట్ల, ఒకే పేరు ఐదు స్పెల్లింగులతో. పదిహేను కిలోమీటర్ల లోపల ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటి ఉంచి రెండోది తీసేయమని పైనుంచి నియమం పెట్టారు. సెక్షన్ పెద్ద హెలేనా, పోర్చుగల్ మనిషి, ఆ పని దువోత్‌కు అప్పగించింది. రెండు వారాలు తలెత్తకుండా చేశాడు. థోర్‌యాంగ్ పేరు రెండుచోట్ల కనిపించింది, పదకొండు కిలోమీటర్ల దూరంలో. మొదటిదాని ఫొటోలో ఇళ్ళున్నాయి. రెండోదాంట్లో ఖాళీ నేల. రెండోది తీసేశాడు. ఆ రోజు అలాంటివి నలభై తీశాడు. ఏ ఒక్కటీ మనసులో నిలవలేదు.

సెప్టెంబరులో నది పొంగింది. థోర్‌యాంగ్ మట్టికట్ట తెగిందనీ, అరవై కుటుంబాలు నీళ్ళ మధ్య ఇరుక్కున్నాయనీ రేడియోలో కబురొచ్చింది. దువోత్ ఇచ్చిన కాగితం తీసుకుని హెలికాప్టర్ వెళ్ళింది. అక్కడ ఊరు మెరక మీద పొడిగా ఉంది. ఆడవాళ్ళు గుమ్మాల్లో కూచుని చేపలు ఎండేస్తున్నారు. ఎవరో భయపడి ఎక్కువచేసి చెప్పారనుకుని పైలట్ వెనక్కి తిప్పాడు. మర్నాడు మళ్ళీ అదే కబురొచ్చింది. చూసొచ్చిన ఊరే కదా అని పక్కన పెట్టారు. మూడోరోజు కబురు రాలేదు. సద్దుమణిగిందనుకున్నారు.

ఎనిమిదోరోజు పొద్దున గేటు దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. భాష తెలిసినవాడు కావాలని దువోత్‌ను పిలిపించారు. ఆమె పేరు న్యాదక్. నాలుగు రోజులు తాటిదోనెలో వచ్చింది. పాదాలు నాని తెల్లగా పాలిపోయాయి. నీళ్ళిస్తే తాగలేదు.

"మీ హెలికాప్టర్ మా నెత్తి మీదినుంచే పోయింది," అంది. "బట్టలూపాం. కేకలేశాం. చూడనట్టు పోయింది. ఏడుగురు పోయారు. నలుగురు పసివాళ్ళు. పూడ్చడానికి పొడినేల లేక గడ్డితెప్పల మీద పెట్టొచ్చాం."

ఏ ఊరని అడిగాడు. థోర్‌యాంగ్ అంది ఆమె. మెరక మీది ఊరికి ఎటువైపని అడిగాడు. దానికి పడమర, ఇటువైపే అంది.  హెలికాప్టర్ దాన్ని దాటి తూర్పున మెరక మీది ఊరికి వెళ్ళింది.

ఆ గంటలోనే పడవలు పంపించారు. దువోత్ కంటైనర్‌కు వెళ్ళి తీసేసిన పేర్ల జాబితా తెరిచాడు. థోర్‌యాంగ్ వరసలో, తీసినవారెవరన్న గడిలో, తన పొడి అక్షరాలున్నాయి.  తర్వాత హెలేనా దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. ఆ నియమం పైవాళ్ళు పెట్టిందేననీ, అతను చెప్పింది చేశాడంతేననీ అంది. దీని మీద రాసే నివేదికలో అతని పేరు పెట్టవద్దంది. చెడ్డది కాదామె. అతన్ని కాపాడుతున్నాననే అనుకుంది. దువోత్ మాత్రం ఒక పేజీ రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ పేజీ ఏ ఫైల్లోకి పోయిందో అతనికి తెలియదు. నెల తర్వాత వచ్చిన నివేదికలో వాతావరణం బాగాలేదనీ, కబుర్లు సరిగా అందలేదనీ ఉంది. ఎవరూ అతన్ని పిలవలేదు, అడగలేదు. ఆ ఏడు పనితీరు కాగితంలో కూడా ఎప్పటిలాగే మంచిమాటలే రాశారు. అది చదివి, మడిచి, సొరుగు అడుగున పడేశాడు.

మిగిలినవాళ్ళను తెచ్చి శిబిరం చివర కట్ట పక్కన గుడారాలిచ్చారు. మూడుసార్లు అక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చేశాడు. నాలుగోసారి న్యాదక్ గుడారం ముందు నిలబడ్డాడు. ఆమె కలువగడ్డలు దంచుతోంది.

"మ్యాపులోంచి మీ ఊరు తీసేసింది నేనే, పెద్దమ్మా," అన్నాడు.

ఆమె దంచడం ఆపలేదు. "చూసే తీశావా?"

"ఫొటో చూశాను. ఇళ్ళు కనపడలేదు."

"కిందటేడు దోపిడోళ్ళు తగలబెట్టారు. ఎండాకాలం పశువులతో ఏటి ఒడ్డున ఉంటాం గానీ, ఇళ్ళెవరు కట్టుకుంటారు? వానలకి ముందొచ్చి కట్టుకున్నాం." రోకలి పక్కన పెట్టి మొదటిసారి తలెత్తింది. "నువ్వెవరి కొడుకువి?"

తండ్రి పేరు, తాత పేరు, వంశం పేరు చెప్పాడు.

"మీవాళ్ళూ పశువులోళ్ళే కదా. అయితే నీకు తెలుసు," అంది. "ఊరు సగం విడిపోతే పోయినోళ్ళు పేరు కూడా పట్టుకుపోతారని తెలుసు. ఎండాకాలం ఊళ్ళో మనిషుండడని తెలుసు. ఆ తెల్లోళ్ళకి తెలీదు. నీకు తెలుసు."

అతను అవునన్నాడు. తిడుతుందేమోనని నిలబడ్డాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె మళ్ళీ రోకలి అందుకుంది.

"నా మనవరాలు మూడోరోజుదాకా బతికే ఉంది," అంది, దంపుతూనే. "ఇంక పో నాయనా."

ఆ తర్వాతి ఎండాకాలం దువోత్ తీసేసిన పేర్లన్నీ పట్టుకుని తిరిగాడు, కొన్ని పడవలో, కొన్ని కాలినడకన. ఏటి ఒడ్డున పశువులతో ఉన్నవాళ్ళని అడిగితే పదమూడు నిజంగా ఊళ్ళేనని తేలింది. వాటిని మళ్ళీ మ్యాపులో పెట్టాడు. మిగతా వాటిలో కొన్ని ఎప్పుడూ లేనివి, కొన్ని ఇక లేనివి. ఏది ఏదో చెప్పేవాళ్ళు కూడా దొరకలేదు.

హెలేనా బదిలీ మీద వెళ్ళిపోయింది. ఇంకో రెండేళ్ళకు మిషన్‌ను కుదించి దువోత్‌నూ పంపేశారు. ఇప్పుడు శిబిరంలోనే భార్యతో ఉంటూ, బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. మ్యాపుల పని ఉంది రమ్మని వేరేవాళ్ళు రెండుసార్లు పిలిచారు. వెళ్ళలేదు. ఎందుకని భార్య అడిగితే కళ్ళు మసకబారాయన్నాడు. ఆమె నమ్మలేదు గానీ మళ్ళీ అడగలేదు.