కాటా ఎక్కిన వైసు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. అయినా నర్సీపట్నం చుట్టుపక్కల పాత పనిముట్లు కొనాలన్నా అమ్మాలన్నా మా కొట్టుకే వస్తారు. తిట్టినా నిజమే చెబుతుందని నాకు పేరు. ఆ పేరు పెట్టుకుని ఒక మనిషి దగ్గర అబద్ధమాడాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పనిముట్లు చూసే విద్య మా నాన్నది. బెంచి వైసు, అంటే ఇనుప ముక్కనో కొయ్య ముక్కనో కదలకుండా పట్టుకోవడానికి బల్లకు బిగించే బరువైన పనిముట్టు, దాన్ని ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. రంగు చూసి మోసపోకు, పాత వైసుకు కొత్త రంగు వేశారంటే ఏదో దాస్తున్నారని అర్థం అనేవాడు. పిడి వంగిందంటే దానికి పైపు తొడిగి మొరటుగా బిగించేవాడి పాలబడిందన్నమాట. సుత్తితో చిన్నగా తట్టు, ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. ఆఖర్న ముక్కను నొక్కిపట్టే రెండు దవడల మధ్య కాగితం ముక్క పెట్టి బిగించి లాగు. కాగితం చిరగాలి గానీ జారకూడదు. జారిందంటే దవడలు కలవడం లేదు, అది ఇక వైసు కాదు, వట్టి బీడు, అంటే పోత ఇనుము. బీడునైతే కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొంటాం. వైసుకైతే చూసి ధర కడతాం. పనివాడికి ఆ రెండూ ఒకటి కావు. తన వైసు కాటా ఎక్కడం ఏ పనివాడూ చూడలేడు.

నాన్న పోయిన నెలకే నేను కొట్టు తెరిచాను. మొదటి వారంలోనే ఏటికొప్పాక నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. అక్కడ లక్కబొమ్మలు చేసేవాళ్ళకు ఉలులు చేసిపెట్టే మనిషి, ఆయన చేతిపనికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. నేను ఒక వైసు బిగించి చూపించబోతే నా చేతిలోంచి పిడి లాక్కున్నాడు.

“మీ ఇంట్లో మగోళ్ళెవులూ లేరేటి? ఆడదానికి వైసు గురించి ఏటి తెలుస్తాదమ్మా? కూరగాయల కొట్టు ఎట్టుకో, నాలుగు రాళ్ళొస్తాయి,” అన్నాడు.

కొట్టులో ఉన్న ముగ్గురు బేరగాళ్ళూ నవ్వారు. నవ్వి, ఆయన వెనకాలే వెళ్ళిపోయారు. ఆ నవ్వును పన్నెండేళ్ళు దాచుకున్నాను. పాముకు పగ ఉంటుందో లేదో తెలియదు గానీ నాకుంది.

కిందటి వేసవిలో ఒక ఉదయం కొట్టు ముందు షేర్ ఆటో ఆగింది. డ్రైవరు గోనెసంచిలో బరువైనదేదో దింపి గడప దగ్గర పెట్టాడు. వెనకాలే ఆ మేస్త్రీ దిగాడు. పక్షవాతం వచ్చినట్టుంది, కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, మూతి ఓ వైపుకు లాగేసింది. నన్ను చూసి ఎడమచెయ్యి ఒక్కటే నుదుటి దాకా ఎత్తాడు.

“నా వైసు తెచ్చినానమ్మా. నలభై ఏళ్ళు ఈ సేతిలో ఉంది. ఇంక నా వల్ల అవదు. మా ఊళ్ళో పాతినుపోడు అడిగినాడు, నానివ్వలేదు. నువ్వైతే సూడ్డం తెలిసినదానివని ఇంత దూరం వొచ్చినాను. ఎంతిచ్చినా పర్లేదు గానీ కాటా మాత్రం ఎక్కించకు తల్లీ. ఎవులైనా పనోడి సేతిలో ఎట్టు.”

సూడ్డం తెలిసినదానివి అన్న మాట పన్నెండేళ్ళ కిందట అనాల్సింది. ఇప్పుడు అవసరం కొద్దీ కాకా పడుతున్నాడనుకున్నాను. పక్క టీ కొట్టు దగ్గరున్న వాళ్ళను కేకేసి పిలిచాను. “రండి, ఏటికొప్పాక మేస్త్రీ గారి వైసు చూద్దురు గాని!” నలుగురైదుగురు చేతిలో గ్లాసులతోనే వచ్చి నిలబడ్డారు.

డ్రైవరు వైసును బల్ల మీద పెట్టాడు. చూడగానే నాకు తెలిసిపోయింది. పిడి వెంట్రుకవాసి కూడా వంగలేదు. తడితే ఖంగుమంది. స్క్రూకు పల్చగా గ్రీజు పట్టించి ఉంది. పిడి చివరి ఇనుప గుబ్బ ఎప్పుడో ఊడిపోతే కొయ్యతో గుబ్బ చేసి ఎర్ర లక్క పట్టించాడు. దవడలకు పట్టు కోసం ఉండాల్సిన పళ్ళు లేవు. వాడి వాడి అరిగిన పళ్ళయితే నడుమ అరిగి అంచుల్లో మిగులుతాయి. ఇవి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మట్టంగా ఆకురాయితో తీసేసినవి. దవడల్లో పట్టిన ఉలి పిడి కొయ్యకు గాటు పడకూడదని ఆయనే తీసేసుకున్నాడు. అంత మట్టంగా ఆకురాయి పట్టే చెయ్యి మా నాన్నది కూడా కాదు. ఇదంతా తెలిసే నోరు తెరిచాను.

“పళ్ళన్నీ ఊడిపోయాయి మేస్త్రీ గారూ. మీ నోట్లోనైనా నాలుగున్నాయా?”

అందరూ నవ్వారు.

“ఊడిపోలేదమ్మా. కొయ్య కోసమని నానే తీసినాను.”

“సామాను అరగ్గొట్టుకున్న ప్రతివాళ్ళూ ఆ మాటే అంటారు. ఈ గ్రీజేటి, లోపలి అరుగుదల దాయడానికా? ఈ ఎర్ర గుబ్బేటి? బొమ్మల కొట్టుకు పట్టికెళ్ళాల్సింది పొరపాటున ఇటు తెచ్చేసినట్టున్నారు.”

ఆయన లక్క గుబ్బ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి దవడల మధ్య పెట్టాను.

“మీరే బిగించండి. నేను ఆడదాన్ని, నాకేటి తెలుసు?”

అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. మొహం చూస్తేనే తెలిసింది. బల్లకు బిగించని వైసును ఒంటి చేత్తో గట్టిగా బిగించలేం. ఒక చెయ్యి దాన్ని అదిమి పట్టుకోవాలి, ఇంకోటి పిడి తిప్పాలి. ఆయన ఎడమచెయ్యి పిడి మీద వేసి తిప్పితే వైసే పక్కకు జరిగింది. రొమ్ము ఆనించి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జరిగింది. డ్రైవరు పట్టుకోబోతే, “నువ్వుండు, మేస్త్రీ గారికి పనొచ్చు,” అన్నాను. మూడోసారి తిప్పి, చెమట కారుతుంటే ఇక చాలన్నట్టు చెయ్యి తీశాడు. నేను రెండు వేళ్ళతో కాగితం లాగాను. జారి వచ్చేసింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకాయన గ్లాసు ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

“నిజమేనేటమ్మా? పాడైపోనాదా?” అని ఆయన అడిగాడు. బేరం ఆడే గొంతు కాదది. తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

“బీడు,” అన్నాను. డ్రైవరు చేతనే కాటా ఎక్కించాను.

కాటా మీద అంకె ఆగే దాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇచ్చిన నోట్లు లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకుని ఆటో ఎక్కాడు. మధ్యాహ్నం నేను ఆ వైసును బల్లకు బోల్టులతో బిగించి, ఎడమ అంచున ఒకటి, నడుమ ఒకటి, కుడి అంచున ఒకటి కాగితాలు పెట్టి లాగాను. మూడూ చిరిగాయి. ఆ పూట అన్నం సహించలేదని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధమెందుకు, కడుపునిండా తిన్నాను.

రెండు నెలల తర్వాత నక్కపల్లి నుంచి తలుపులకు ఇత్తడి గడియలు చేసే మనిషి వచ్చాడు. వైసు చూసి, “పళ్ళు లేవు కదండీ, పాతినుము రేటుకి ఇచ్చీండి,” అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దవడల మీద అతని వేలు పెట్టించి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాను. అరిగింది కాదు, తీసింది, నీ ఇత్తడికి గీత కూడా పడదు, ఈ పిడి చూడు, నలభై ఏళ్ళలో ఒక్కసారీ మొరటుగా బిగించలేదు, ఇలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు అన్నాను. ఆ మేస్త్రీ వినాలని వచ్చిన మాటలన్నీ అమ్మకం కోసం ఇంకొకడికి చెప్పాను. నేను అడిగినంతా అతను ఇచ్చాడు.

“ఈ మేస్త్రీ ఉన్నారేటండీ? ఓపాలి ఎల్లి దణ్ణమెట్టుకుంటాను,” అన్నాడు.

“లేరు,” అన్నాను. ఇద్దరూ కలిస్తే నా మాటలు బయటపడతాయి.

“అయ్యో,” అని అతను ఆ వైసుకే దణ్ణం పెట్టి పట్టుకెళ్ళాడు.

మొన్న ఆ ఆటో డ్రైవరు పాత స్పానర్ల కోసం వచ్చాడు. అడగకూడదనుకుంటూనే మేస్త్రీ గారు ఎలా ఉన్నారని అడిగాను.

“ఉన్నాడమ్మా, కర్రట్టుకుని నడుస్తున్నాడు. ఆ రోజు సంగతెత్తి మిమ్మల్ని ఎవులైనా ఏటైనా అంటే ఊరుకోడు. ఆ పాపకి పని తెలుసు, అబద్దమాడదు, నా వైసే పాడైపోనాది అంటాడు. ఎన్నాళ్ళ నుంచి పాడైపోనాదో, ఎంతమందికి ఒంకర ఉలులు సేసి ఇచ్చీసినానో అని ఇంటింటికీ ఎల్లి అడుగుతున్నాడు. బాగానే ఉన్నాయి మేస్త్రీ అని ఆళ్ళు సెప్తే నమ్మడు.”

స్పానర్లు కట్టి ఇచ్చాను. డ్రైవరు ఆటో తిప్పుకుని, “ఏటికొప్పాక వైపే ఎల్తన్నాను, ఏటైనా కబురు సెప్పాలా అమ్మా?” అన్నాడు. ఏమీ లేదన్నాను.