నాలుగు మూరల మీద జానెడు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా," అన్నది. నేను ఏమీ అనకముందే, "నిద్రలనే పోయిండు. కాళ్ళు బార్లా చాపుకొనే ఉన్నడు," అని కూడా చెప్పింది. ఆ రెండో మాట నా కోసమే చెప్పిందని నాకు తెలుసు. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు గుండెల మీది బరువు దిగింది. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ జరిగింది అదే.

మాది మహారాష్ట్రలో కోర్పనా దగ్గర పల్లె. తాతల నుంచీ వడ్రంగి పని. బావ చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మా దర్వాజ పైచెక్కకు నుదురు ఠపీమని కొట్టుకున్నాడు. మా బాపు లేచి వెళ్ళి చెక్కను తడిమి చూసి, "ఏం కాలే, టేకుది," అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది బావే.

ఆయన బాస్కెట్‌బాల్ ఆడి బతికాడు. మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తలకెక్కలేదు. "బంతి ఆడితే జీతమిస్తరా?" అని బాపు చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు. బావ ఆట నేర్చుకున్నది కాలనీలోని సిమెంటు గచ్చు మీద. బొగ్గు దుమ్ము పడి ఉండేది కాబట్టి ఆట అయ్యేసరికి చేతులు గనిలో దిగి వచ్చినట్టు నల్లగా అయ్యేవట. అక్కడి నుంచి నాగపూర్‌లో ఒక జట్టు, ఆ తర్వాత బయటి దేశాలు. బహ్రెయిన్, థాయ్‌లాండ్, మలేసియా, మంగోలియా, చివరికి పోర్చుగల్‌లో ఒక చిన్న పట్నం. ఎక్కడా పేరున్న జట్టు కాదు. ఒక సీజనుకు కాగితం రాసుకునేవారు. అది అయిపోతే ఇంకో దేశం.

మేము ఆయన ఆటను టీవీలో ఒక్కసారీ చూడలేదు. ఒకసారి మరాఠీ పేపర్లో జట్టు ఫోటో వచ్చింది. అందులో అందరి తలలూ ఉన్నాయి, బావ కనుబొమ్మల పై భాగం లేదు. "పేపరోళ్ళకు గూడ జాగ సరిపోలేదు," అన్నాడు.

"ఎన్ని గోల్స్ కొట్టినవ్ బావా?" అని ఒకసారి అడిగాను.

"నేను కొట్టేది తక్కువరా. ఇంకొకడు కొట్టకుంట రింగు కింద నిలబడుడే నా పని. వాళ్ళు నూకుతరు. నేను నిలబడ్త."

దేశాల గురించి అడిగితే అందరూ చెప్పే విశేషాలు చెప్పేవాడు కాదు. "రింగు అన్ని దేశాలల్ల ఒక్కటే ఎత్తు. మంచమే ఏ దేశంల నాకు సరిపోలే," అనేవాడు. మంగోలియాలో చలికి పాదాలు దుప్పటి బయట బిగుసుకుపోయేవట. థాయ్‌లాండ్‌లో గదిలో ఉన్న పొట్టి ఆటగాడు తన మంచాన్ని ఈయన మంచం కాళ్ళ వైపు జత చేసి, తాను నేల మీద పడుకున్నాడట. ఆ మనిషి పేరును అన్నం ముందు దేవుణ్ణి తలచుకున్నట్టు తలచుకునేవాడు. పోర్చుగల్‌కు చేరేసరికి ఆయనకు ఉపాయం కుదిరింది. ఏ గదిలో దిగినా మొదట తన సూట్‌కేసును మంచం చివర నిలబెట్టి, దాని మీద మడమలు ఆనించి పడుకునేవాడు.

మోకాళ్ళు అరిగిపోయి ఆట మానేసే ముందు పోర్చుగల్ నుంచే నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నేను వచ్చేస్తున్న. నాకొక మంచం చెయ్యి. నాలుగు మూరల మీద జానెడు పొడువు."

"గంత పెద్దదా బావా? ఏనుగును పండవెడ్తవా?"

"ఏనుగే వస్తుంది. చెయ్యి."

మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర. మా ఇంట్లో మూర అంటే వడ్లోని చేయి, అంటే మంచం చేసే వడ్రంగి చేయి. గిరాకీగా వచ్చింది ఎవరైనా సరే, మా చేతితోనే కొలిచి కోస్తాం. టేపు వచ్చినా మంచానికి మాత్రం బాపు ఆ పద్ధతి మార్చనివ్వలేదు. మామూలు మంచం నాలుగు మూరలు. దాని మీద జానెడంటే చాలా ఎక్కువనిపించింది నాకు. నా చేతితో కొలిచాను, పక్క పట్టెలు కోశాను, మంచం కోళ్ళు చెక్కాను, నవారు అల్లాను. దుర్గాపూర్ దాకా టెంపోలో నేనే తీసుకెళ్ళాను. బావ దాని మీద చేత్తో కొట్టి చూసి, "జబర్దస్త్ ఉంది," అన్నాడు. కూర్చున్నాడు కానీ నా ముందు పడుకోలేదు.

తర్వాత ఆయన చంద్రపూర్‌లో ఒక బడిలో ఆటల సారుగా కుదురుకున్నాడు. నేను ఎప్పుడు వెళ్ళినా ఆ పాత సూట్‌కేసు మంచం చివరనే నిలబడి ఉండేది. నాకు అది ఆటపట్టించే సాకు. "ఇంకా సూట్‌కేసు లోపల పెట్టలేదా బావా? మళ్ళ ఏ దేశం పోతవ్?" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. అక్క లేచి చాయ పెట్టడానికి వెళ్ళేది. ఏళ్ళ తరబడి అదే మాట అన్నాను. బుద్ధి లేనివాణ్ణి.

నిరుడు ఆయన మంచం పట్టాడు. మోకాళ్ళ నొప్పికి మింగిన గోలీలు కిడ్నీలను తినేశాయన్నాడు డాక్టరు. కాళ్ళు వాచాయి. చూడటానికి వెళ్ళిన రోజు ఆయన నిద్రపోతున్నాడు. దుప్పటి తొలగి ఉంది. పిక్కల దగ్గరే మంచం అయిపోయింది. వాచిన మడమలు సూట్‌కేసు అంచు మీద ఉన్నాయి. ఎడమ మడమకు పుండు.

అక్క వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. "పుండు ఇంక లోపలికి పోతే పాదం తీసేయాలె అన్నడు డాక్టరు. మంచం మార్చుమంటే మీ బావ వింటలేడు."

"మొదటి నుంచి గిట్లనే పండుకుంటున్నడా?"

ఆమె చాయగిన్నె అందుకుంది.

బావ లేచాక అడిగాను. "పొట్టిదని గిన్ని ఏండ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ బాపు నిన్ను దంచుతడనుకున్న."

"బాపు పోయి ఆరేండ్లాయె!"

"అప్పటికి అలవాటైందిరా. చల్తే, నడుస్తది."

"మరి నాలుగు మూరల మీద జానెడని నువ్వే చెప్పినవు గదా!"

ఆయన చేయి పైకెత్తి నా ముందు పెట్టాడు. "గీ మూర."

మోచేతికి మోచేయి ఆనించి నా చేయి పక్కన పెట్టాను. పొట్టివాణ్ణి కదా, నా నడివేలి కొస ఆయన వేళ్ళ మొదట్లోనే ఆగిపోయింది. పోర్చుగల్‌లో గదిలో టేపు లేక ఆయన తన చేతితో కొలుచుకున్నాడు. గనుల కాలనీలో పెరిగినవాడు, మూర వడ్లోని చేయి అని ఆయనకు ఎవరు చెప్పారు? ఇద్దరం ఒకరి చేతులొకరం చూసుకున్నాం. ఆయనకు నవ్వు వచ్చింది, నవ్వుతో దగ్గు వచ్చింది. "మీ ఇంటి మూరకు నా కాళ్ళు బలైనయ్ గదరా," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నూలు దారం తెచ్చి ఆయన చేతి మీదే మూర కొలిచాను. నాలుగు మూరలు, జానెడు. బల్లార్‌పూర్ నుంచి టేకు తెచ్చి ఐదు రోజుల్లో కోసి చెక్కాను. అంత పొడుగు మంచం ఆ గది తలుపులో పట్టదు. అందుకని పట్టెలూ కోళ్ళూ విడిగా తీసుకెళ్ళి లోపలే బిగించాను, అక్కడే కూర్చుని నవారు అల్లాను. గోడ పొడవు సరిపోక మూల నుంచి మూలకు వేశాం. ఆయనను పడుకోబెట్టి నేనూ అక్కా కాళ్ళ వైపు వెళ్ళి చూశాం. మడమలు లోపలే ఉన్నాయి. బావ కాసేపు వేళ్ళు కదిలించి చూసుకుని, "ఇదే మొదటిసారి," అని కళ్ళు మూసుకున్నాడు. అక్క సూట్‌కేసు తీసి బీరువా మీద పెట్టింది.

పుండు రెండు నెలల్లో మానింది. కిడ్నీలు మానేవి కావు. అది అందరికీ తెలుసు, ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఏడు నెలలు ఆ మంచం మీద పడుకున్నాడు. పోయేటప్పుడు రెండు పాదాలూ ఉన్నాయి.

పదకొండో రోజు అయ్యాక పరుపు ఎండలో వేద్దామని తీశాం. తల దగ్గర, నడుం దగ్గర నవారు కుంగి ఉంది. చివరన రెండు మడమల చోట రెండు చిన్న గుంతలు. చేయి పెట్టి చూశాను. వాటి అవతల ఇంకా బెత్తెడు నవారు నేను అల్లిన రోజు లాగే బిగువుగా ఉంది.