బావి కింద బంకమట్టి

భూమిలోపల నీళ్లు ఎటు నడుస్తాయో, వాటితో ఉప్పు ఎంత దూరం వస్తుందో చెప్పే కంప్యూటరు ప్రోగ్రాం ఒకటుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు నడిపే ఆ ప్రోగ్రాంలో తప్పు పట్టుకున్నవాణ్ని చిట్టమూరు వైపు నేనొక్కణ్నే. నాయుడుపేట బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా ఈ మాట చెప్పేవాణ్ని. అసలా తప్పు అందులోకి ఎలా వచ్చిందని వాళ్లు అడిగేలోపు నేను దిగాల్సిన చోటు వచ్చేది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒకావిడ బావి ఉంది. తూర్పున ఉప్పునీటి రొయ్యల గుంటలు వచ్చాక మా ఊళ్లో తాగడానికి పనికొచ్చే నీళ్లు ఆ ఒక్కదానిలోనే మిగిలాయి. నెలకోసారి అందులోకి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పుస్తకంలో రాసే పని నెల్లూరు ఆఫీసువాళ్లు నాకు అప్పగించారు.

ఆ బావికి దగ్గర్లోనే ఇంకో రెండు గుంటలు తవ్వుకుంటామని కొందరు అడిగారు. తవ్వితే బావి ఏమవుతుందో తేల్చడానికి ఒక ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. తెర మీద మా ఊరిని గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోకి వచ్చే నీళ్లు, పోయే నీళ్లు లెక్క కట్టించింది. ముందు గడిచిన ఏళ్ల నీటిమట్టాలు లెక్కతో కలవాలి, ఆ తర్వాతే రాబోయే ఏళ్ల సంగతి నమ్మాలట.

"చుట్టుపక్కల బావులన్నీ కలిసినాయి పెద్దాయనా. ఇదొక్కటే మాట వినలేదు," అంది. "లెక్క ప్రకారం నీళ్లు దిగిపోవాలి. మీ పుస్తకంలో దిగలేదు. మీరింత శ్రద్ధగా రాసినారు కదా, కింద నీళ్లను దిగనివ్వని బంకమట్టి పొర ఉంటుందనుకుని ఆ గళ్లలో పెట్టినా. సరిపోయింది."

తెర మీద తూర్పు నుంచి ఎర్రగా పాకుతూ వచ్చిన ఉప్పు ఆ బంకమట్టి దగ్గర ఆగిపోయింది. గుంటలు తవ్వినా బావికి భయం లేదన్నమాట.

మూడేళ్లుగా నేను ఆ బావిలోకి టేపు వదల్లేదు. మొదట్లో మోకాళ్ల నొప్పి నిజమే. తర్వాత మాత్రం ఇంటి అరుగు మీదే కూర్చుని, పాత అంకెకు ఒక నెల బెత్తెడు కలిపి, ఒక నెల బెత్తెడు తీసి రాస్తూ వచ్చాను. కొట్టివేత ఒక్కటి ఉండదు. ఆ అంకెలే భూమి అడుగుకు పోయి మట్టిగా గట్టిపడ్డాయి. నా మాట నిలబెట్టడానికి ఇంతవరకు ఎవరూ అంత కష్టపడలేదు.

ఎందుకైనా మంచిదని ఆ అమ్మాయి బావి దగ్గరికి వచ్చి, "తవ్వేటప్పుడు బంకమట్టి తగిలిందా అమ్మా?" అని అడిగింది.

బావి ఆవిడ నవ్వింది. "బంకమట్టా! అడుగుదాకా ఇసకే. నేనూ మా ఆయనా తట్టలతో ఎత్తిపోసినాం, నాకు తెలీదా?"

అప్పుడు నేను ముందుకు వచ్చి, "తప్పు నాది, ఆ అంకెలు తీసెయ్యి తల్లీ," అన్నాను. గిలకకు వేలాడుతున్న చేంతాడు చూపించాను. నీళ్లు కిందికి దిగిన ప్రతి ఎండాకాలం ఆవిడ ఒక ముక్క కలిపి ముడి వేసింది. మూడు ముడులు. ఇంజనీరమ్మాయి ముక్కలన్నీ కొలిచి రాసుకుంది. బంకమట్టి తీసేసి మళ్లీ లెక్క వేస్తే బావి కలిసింది. ఎర్రరంగు బావిని దాటి మా వీధిలోకి వచ్చేసింది. గుంటలు వద్దని రాసి ఇచ్చింది. ఇప్పటికైతే ఎవరూ తవ్వలేదు.

ఇంతవరకు రాసి, బావి ఆవిడకు చదివి వినిపించాను. బొక్కెన గట్టు మీద పెట్టి అంతా విన్నది.

"చేంతాడు నువ్వు యాడ చూపించినావన్నా? చూపించింది నేను. బంకమట్టి మాట రాంగానే నువ్వు చెప్పులేసుకోని ఇంటిదారి పట్టినావు. ఆ పాప ముడులు కొలిచి, నీ రాతతో సరిచూసి, మనిషిని పంపిస్తే గదా వచ్చి ఒప్పుకున్నావు! తప్పుడు పుస్తకం ఒకటి రాసినావు, చాలదా?"